పిల్లల టీవీ అక్కయ్యల మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

టీవీలో పిల్లల కార్యక్రమాలు నడిపిన అక్కయ్యలు కోనసీమ పిల్లలకి ఎలా గుర్తున్నారో నువ్వు రాసిన వ్యాసం చదివాను. "ఆ రోజులే వేరు" అన్న వాక్యాలన్నీ కొట్టెయ్యి. ఎలా వేరో చూపిస్తే చాలు. అందుకు కావలసిన సరుకు నువ్వింకా పూర్తిగా పోగు చెయ్యలేదు.

ముందు కాలం తేల్చుకో. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది, ఈటీవీ 1995 ఆగస్టులో వచ్చింది. ఊళ్ళ కేబుల్ చానళ్ళు తొంభైల నాటివి. మనవైపు ఏ సంవత్సరమని అడిగితే చాలామంది తడుముకుంటారు, పుష్కరాలకి ముందా తర్వాతా అంటే మాత్రం టక్కున చెబుతారు. 1979, 1991, 2003 గోదావరి పుష్కరాలు, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను, ఈ గుర్తులు నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకో. ఆ తుఫానుకి కొబ్బరితోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. నాలుగు రోజులకే దీపావళి. ఆ పండగనాడు ఇంట్లో టీవీ చూశామని అమలాపురం చుట్టుపక్కల వాళ్ళెవరైనా చెబితే అబద్ధమనుకోకు. ముందటేడో మరుసటేడో అయ్యుంటుంది. మళ్ళీ అడుగు.

నీ వ్యాసంలో ఒకాయన అక్కయ్య కట్టుకున్న చిలకాకుపచ్చ చీర గురించి చెప్పాడు. వాళ్ళింట్లో ఏ టీవీ ఉండేదో అడిగావా? మన దేశంలో రంగుల ప్రసారాలు 1982లో వచ్చినా, ఊళ్ళల్లో బ్లాక్ అండ్ వైట్ సెట్లు ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచాయి. కొందరు వాటి ముందు రంగు ప్లాస్టిక్ అద్దం కూడా తగిలించేవాళ్ళు. అలాంటి ఇంట్లో చీర రంగు తెలిసే వీల్లేదు. ఏ వారపత్రిక ఫొటోలోనో చూసిన రంగు తర్వాత జ్ఞాపకంలో కలిసిపోయి ఉంటుంది. ఆ చీరని తీసెయ్యక్కర్లేదు, రంగు ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కుని అది కూడా రాయి.

యాంటెన్నా తిప్పడం గురించి అందరూ రాసేశారు. దానివల్ల పిల్లలకి ఏం దక్కిందో ఎవరూ రాయలేదు. సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఉప్పుగాలికి యాంటెన్నా బోల్టుల దగ్గర తుప్పు పట్టేది, వైరు అతుకు వదులయ్యేది. గాలి వీస్తే బొమ్మంతా చుక్కలు. లేకపోతే ఒకే మొహం పక్కపక్కన రెండుగా కనబడేది. మాట మాత్రం చాలాసార్లు వినబడుతూనే ఉండేది. అందుకే ఆ పిల్లల్ని మొహం గురించి కాక గొంతు గురించి అడుగు. ఎలా పలకరించేది, ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగేది, ఉత్తరం చదివేటప్పుడు ఊరి పేరు సరిగ్గా పలికేదా. తన ఊరి పేరు టీవీలో తప్పు పలికితే పిల్లాడు ఏళ్ళపాటు గుర్తుపెట్టుకుంటాడు.

అడగడానికీ ఒక వరస ఉంది. టీవీ ఏ గదిలో ఉండేది, ఎవరెక్కడ కూర్చునేవాళ్ళు, ముందు అది. తర్వాత వినబడిన మాటలు. అక్కయ్య పేరు ఆఖర్న. పేరు ముందు చెప్పావంటే వాళ్ళు జ్ఞాపకం పక్కనపెట్టి ఆవిడ గురించి లోకానికి తెలిసిందే చెబుతారు. "ఓణీ వేసుకునేదా?" అని అడగొద్దు, "అవును" అనేస్తారు. అన్నాచెల్లెళ్ళయితే విడివిడిగా అడుగు.

ఇంకో తికమక రేడియోతో వస్తుంది. తెలుగు పిల్లలకి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. 1945లో "బాల" పత్రిక మొదలుపెట్టింది కూడా వాళ్ళే. 1948లో వచ్చిన విజయవాడ రేడియో కేంద్రం డెల్టాలో ఇంటింటా మోగింది. పెద్ద వయసువాళ్ళు "అక్కయ్య" అన్నప్పుడు రేడియో అక్కయ్యా, టీవీ అక్కయ్యా అని తేల్చుకోకుండా ముందుకెళ్ళకు.

ఊరి కేబుల్ చానల్లో పిల్లల పుట్టినరోజు ఫొటోలు చూపించి శుభాకాంక్షలు చెప్పిన అమ్మాయిల గురించి నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. ఆపరేటరు దగ్గర ఏమీ దొరక్కపోవచ్చు, టేపు ఖర్చు కలిసొస్తుందని ఒకదాని మీదే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు. ఫొటో ఇచ్చినవాళ్ళ ఇళ్ళల్లో వెతుకు. క్యాసెట్ దొరికితే వెంటనే వీసీఆర్‌లో పెట్టకు. దాని కిటికీలోంచి వెలుతురులో చూడు. టేపు అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే బూజు పట్టినట్టు. మన తేమకి అది మామూలే. అలాగే తిప్పితే పొరలు అతుక్కుని చిరగొచ్చు, బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటి తర్వాతి క్యాసెట్‌కీ పాకుతుంది. శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్ళకి ఇవ్వు. బూజు లేకపోతే, పొరపాటున రికార్డు కాకుండా వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచెయ్యి. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చి, అప్పుడు ఎక్కించు. కంప్యూటర్లోకి తీసేటప్పుడు సెట్టింగు మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ (PAL)లో ఉండాలి, లేకపోతే రంగు పోవడమో బొమ్మ దొర్లడమో జరుగుతుంది. E-180 అని రాసి ఉన్న క్యాసెట్‌కి మూడు గంటలు పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. మధ్యలో వచ్చే బట్టల కొట్టు ప్రకటనలు కత్తిరించకు. కొట్టు ఏ ఏడు తెరిచారో తెలిస్తే టేపు వయసూ తెలుస్తుంది.

మాటల సంగతి. ప్రతి వాక్యం చివరా "ఆయ్", "అండి" తగిలిస్తే సినిమా గోదావరి అవుతుంది. మనిషి అన్నచోట ఉంచు, అననిచోట చేర్చకు.

ఆ కేబుల్ అమ్మాయిలు ఇప్పుడు సంసారాల్లో, ఉద్యోగాల్లో ఉంటారు. రాసింది అచ్చుకి వెళ్ళేముందు చదివి వినిపించు. పేరు వద్దంటే మార్చు, వీధి పేరు ఎలాగూ రాయొద్దు. నాకు మళ్ళీ పంపేటప్పుడు ఎవరు ఏ మాట చెప్పారో పక్క మార్జిన్‌లో రాసి పంపించు, చూసి చెబుతాను.