పిల్లలు పెద్దయ్యాక చర్చిలో ఎందుకు కనిపించరు?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది పరకాల దగ్గర ఊరు, నేను సండే స్కూల్ చెప్తాను. చిన్నపిల్లలు బాగానే వస్తారు, మే నెలలో విబిఎస్ (వేసవి సెలవుల బైబిల్ స్కూల్) పెడితే షెడ్డు సరిపోదు. కానీ తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఇంటర్‌కు హన్మకొండ హాస్టల్‌కు పోయినవాళ్లయితే సెలవుల్లో ఊరికి వచ్చినా చర్చికి రారు. కొత్త కీబోర్డ్, ఎల్ఈడీ స్క్రీన్ కొంటే యూత్ నిలబడతారని మా సంఘ పెద్దలు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చెల్లీ, వందనాలు. స్క్రీన్ సంగతి తర్వాత, ముందు ఆదివారం ఉదయం ఏం జరుగుతుందో చూడు. పాటలు అయిపోగానే పిల్లల్ని లేపి వెనక షెడ్డులోకి తీసుకెళ్తాం, చాపలు పరిచి కథ చెప్తాం, కంఠత వాక్యం అప్పజెప్పించుకుంటాం, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపిస్తాం. ఏళ్ల తరబడి ఇదే. పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ పిల్లాడికి షెడ్డులో కూర్చోవాలంటే సిగ్గు, లోపల కూర్చుందామంటే ప్రసంగం వినే అలవాటు లేదు, పక్కన ఉన్న పెద్దాయన పేరు కూడా తెలియదు. ఇక గేటు దగ్గర బండి మీద కూర్చుంటాడు, కొన్నాళ్లకు అక్కడా కనిపించడు. వాడు సంఘాన్ని వదిలేశాడని అంటాం గానీ, అసలు వాణ్ని సంఘంలోకి మనం తీసుకురానేలేదు.

నెలకు ఒక్క ఆదివారమైనా అందరూ కలిసి కూర్చునేలా పాస్టర్ గారిని అడుగు, ఆ రోజు ప్రసంగం కాస్త చిన్నగా ఉండాలి, పిల్లల అల్లరిని పెద్దలు ఓర్చుకోవాలి. వాక్యం చదివే పని ఏడో తరగతి అమ్మాయికి ఇవ్వండి. ఇచ్చి ఊరుకోవద్దు, శనివారం సాయంత్రం పిలిచి ఆ భాగం రెండుసార్లు చదివించు, నోరు తిరగని చోట అర్థం చెప్పు, ఆదివారం మైకు స్టాండు ఆ పిల్ల ఎత్తుకు దించు. ఆ రోజు ఆ ఇంట్లో నానమ్మతో సహా ఎవరూ ఆరాధన మానరు, చూస్తూ ఉండు.

పెద్ద పిల్లలకు మనం ఇచ్చే పని ఏంటి? క్రిస్మస్‌కు స్టార్ కట్టడం, కుర్చీలు వేయడం. కానుకల లెక్క రాసేటప్పుడు డిగ్రీ చదివే అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టండి, కమిటీలో వాళ్ల మాట కూడా వినండి. యౌవనాన్ని బట్టి ఎవరూ నిన్ను చులకన చేయకుండా చూసుకోమని బైబిల్లో పౌలు తన యువ శిష్యుడు తిమోతికి రాశాడు కదా. ఆ తిమోతి విశ్వాసం కూడా ముందు అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదేనని రాశాడు, అంటే ఇంట్లో మొదలైంది. నీ చేతిలో ఉండేది వారానికి ఒక గంట, మిగతాదంతా అమ్మానాన్నలదే.

కానీ ఆ అమ్మానాన్నలు పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే చేనుకు పోతారు, మనం పది గంటలకే ఆరాధన పెట్టి ఎవరూ రావట్లేదని బాధపడతాం. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో, సండే స్కూళ్లు మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన రాబర్ట్ రైక్స్ బీద పిల్లలకు చదువు చెప్పడానికి ఆదివారమే ఎందుకు ఎంచుకున్నాడు? మిగతా రోజులు వాళ్లు పనికి పోయేవాళ్లు కాబట్టి. మీరు కూడా పత్తి సీజన్ అయ్యేదాకా రాత్రి భోజనాలయ్యాక వాడల్లో గృహకూడికలు పెట్టండి, పిల్లలతో పాట పాడించండి, అరగంటలో ముగించండి.

హాస్టల్ పిల్లల విషయం మాత్రం అస్సలు వదలకు. వెళ్లే ముందు సంఘమంతా ప్రార్థన చేసి పంపండి, హన్మకొండలోనో కాజీపేటలోనో తెలిసిన విశ్వాసుల ఇంటికి పరిచయం చేయండి. ఆదివారం బయటికి పంపని హాస్టళ్లు చాలా ఉన్నాయి, అలాంటప్పుడు ఫోన్ ఇచ్చే రోజు కనుక్కుని చెయ్యి. ప్రార్థన చేసుకున్నావా అని కాదు, తిన్నావా, పరీక్ష ఎలా రాశావు అని అడుగు.

కీబోర్డ్ అంటావా, నేర్చుకునే పిల్ల ఉంటే తప్పకుండా కొనండి.

ప్రశ్న: మా విబిఎస్‌కు వేరే మతం వాళ్ల పిల్లలు కూడా వస్తారు. ఇంట్లోవాళ్లు ఏమంటారోనని టెన్షన్. ఏం చేయాలి? (భూపాలపల్లి నుంచి ఒక సోదరుడు)

జవాబు: తమ్ముడూ, ముందే వాళ్ల ఇంటికి వెళ్లి అడుగు. బైబిల్ కథలు చెప్తామని, ప్రార్థన ఉంటుందని, ఎన్నింటికి పంపిస్తామో కూడా దాచకుండా చెప్పు. ఒప్పుకుంటేనే రానివ్వు, వద్దంటే మంచిదని నమస్కారం పెట్టి వచ్చేయ్, మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టొద్దు. ఇంకో మాట, ఎవరి పిల్లలైనా సరే, గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తీసే ఉండాలి, తల్లిదండ్రుల్ని అడగకుండా ఎవరి ఫోటో వాట్సాప్‌లో పెట్టొద్దు.