భారం ఉంది, ప్రేమ లేదు

ప్రశ్న: నా వయసు 29, నర్సుని. మా సంఘం పంపితే ఏడు నెలల క్రితం మిషనరీ బృందంతో వేరే దేశం వచ్చాను. ఈ జనం మీద ఎన్నో ఏళ్లు భారంతో, అంటే వాళ్ల కోసం మనసు తపించి, ప్రార్థన చేసినదాన్ని. తీరా వచ్చాక వాళ్లంటే చిరాకు. భాష రాదు, చెప్పిన టైముకి ఎవరూ రారు, తలుపు కొట్టకుండా గదిలోకి వచ్చేస్తారు. పోయిన వారం ఒక పెద్దావిడ కాలి పుండుకి కట్టు కట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకోబోతే చటుక్కున లాగేసుకున్నాను. ఆ రాత్రే ఇంటికి పంపే ప్రార్థన ఉత్తరంలో 'దేవుడు ఈ జనుల పట్ల మా హృదయాలను ప్రేమతో నింపుతున్నాడు' అని రాశాను. అమ్మానాన్న అది అందరికీ చూపించుకుంటున్నారు. నేను వేషధారినా? వచ్చేయమంటారా?

జవాబు: ముందు ఆ చెయ్యి సంగతి మాట్లాడదామమ్మా. కట్టు కట్టినంతసేపూ అది వెనక్కి పోలేదు. చీము తుడిచింది, మందు రాసింది, గుడ్డ చుట్టింది. ఆవిడ తిరిగి మీకు ఏదో ఇవ్వబోయినప్పుడే వెనక్కి పోయింది. దాన్ని అసహ్యం అనుకుని కుమిలిపోతున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. ఇవ్వడం మీకు బాగా వచ్చు, పుచ్చుకోవడమే ఇంకా అలవాటు కాలేదు.

'ఫలానా జనుల మీద నాకు భారం ఉంది' అని సంఘాల్లో తరచూ వింటాం. మంచి మాటే. కానీ భారం దూరం నుంచి, గుంపు మీద కలుగుతుంది. గుంపు తలుపు తోసుకుని మన గదిలోకి రాదు కదా! మీరు ఏళ్ల తరబడి ప్రార్థించింది మీ ఊహలో ఉన్న జనం కోసం. ఇప్పుడు ఎదురైనవాళ్లతో మీ పరిచయం ఏడు నెలలే, అదీ సగం సగం మాటల్లో. అంతలోనే ప్రేమ రాలేదేమని మిమ్మల్ని మీరు నిలదీసుకుంటున్నారు.

లూకా సువార్త 10వ అధ్యాయం మొదటి నుంచి ఒకసారి చదవండి. అందులో, దారిలో దెబ్బలతో పడి ఉన్న మనిషిని ఆదుకున్న మంచి సమరయుడి కథ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. విన్న ప్రతిసారీ మనం ఆ సమరయుడిమే అనుకుంటాం, దారిలో పడి ఉన్నవాడు మనమని ఎవరూ అనుకోరు. అదే అధ్యాయం మొదట్లో యేసు డెబ్బైమంది శిష్యుల్ని పంపుతూ సంచి వద్దు, చెప్పులు వద్దు, వెళ్లిన చోట పెట్టింది తినండి అంటాడు. అంటే మొదటి పూట నుంచే వాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్ల మీద ఆధారపడాలి. బావి దగ్గర సమరయ స్త్రీతో ఆయన మాట కలిపింది కూడా దాహానికి నీళ్లు అడిగే. మీరు మందుల పెట్టెతో, ఖర్చులకు డబ్బుతో వెళ్లారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే వాళ్లకు మీతో పని ఉంది, మీకు వాళ్లతో ఏ పనీ లేదు. ఆ పరిస్థితిలో వచ్చే ప్రతి మనిషీ విసిగించేవాడిలాగే కనిపిస్తాడు.

అందుకని మీకూ ఒక అవసరం కల్పించుకోండి. ఆ పెద్దావిడ కట్టు మార్పించుకోవడానికి మళ్లీ వస్తారు. పేరు అడగండి. అది సరిగ్గా పలకడం వచ్చేదాకా ఆవిడతోనే దిద్దించుకోండి. వచ్చినప్పుడల్లా అయిదు మాటలు నేర్పమనండి. ఆ పావుగంట మీరు నర్సు కాదు, ఆవిడ శిష్యురాలు. మీరు పలికే తీరుకి నవ్వుతారు, నవ్వనివ్వండి. పని అయ్యాక గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని (నర్సుకి నేను చెప్పేదేముంది) ఈసారి చెయ్యి ఆవిడకే వదిలేయండి. ఈ నెలకి ఆవిడ ఒక్కరే చాలు. మిగతా జనాన్నంతా ప్రేమించే పని పెట్టుకోకండి.

చిరాకుకి పాపం అని పేరు పెట్టేముందు ఇంకో పేరు కూడా ఉందని తెలుసుకోండి: కల్చర్ షాక్. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త దాని గురించి 1960లో రాసిన వ్యాసం ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట్లో అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత ఆ దేశం మీదే కోపం వస్తుంది, సొంత దేశంవాళ్లతో కూర్చుని అక్కడి జనం గురించి సణుక్కోవడం మొదలవుతుంది. రాత్రి భోజనాల దగ్గర మీ బృందంలో ఏ మాటలు నడుస్తున్నాయో గమనించండి. అలాంటి మాటలే అయితే ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోయినా ఫరవాలేదు. తలుపు విషయంలో కూడా, రోజుకో గంట గడియ పెట్టుకోండి. యేసు సైతం జనాన్ని విడిచి ఒంటరిగా కొండెక్కాడు.

ఇక వేషధారణ. ఆ వాక్యం అబద్ధమే, కాదని నేను సర్దిచెప్పను. అయితే ప్రార్థన ఉత్తరాల్లో ఎన్నిసార్లు చదివానో ఆ వాక్యం! అందరూ రాసేదే మీరూ రాసేశారు. వచ్చే ఉత్తరంలో ఇలా రాయండి: 'ఈ జనం మీద నాకు అనుకున్నంత ప్రేమ ఇంకా కలగలేదు. ఒక పెద్దావిడ దగ్గర భాష నేర్చుకుంటున్నాను. నా ఓపిక కోసం ప్రార్థించండి.' అమ్మానాన్నకి మాత్రం ముందే ఫోన్‌లో చెప్పండి. నలుగురి మధ్య మొదటిసారి వింటే వాళ్లు నొచ్చుకుంటారు.

వచ్చేయమంటారా అన్నారు. మిషనరీల గురించి చెప్పేటప్పుడు విలియం కేరీ పేరు రాకుండా ఉండదు, ఆయన భార్య డొరొతీ పేరు మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఇష్టం లేకుండానే 1793లో భర్తతో బెంగాల్‌కి ఓడెక్కింది. మరుసటి ఏడాది అయిదేళ్ల కొడుకు పీటర్ పోయాడు. ఆమె మనసు చెదిరింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆ రోజుల్లో వైద్యం లేదు, ఇప్పుడు ఉంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా ఆలస్యం చేయకుండా బృంద నాయకులకు చెప్పి డాక్టర్‌కి చూపించుకోండి. బతకాలనే అనిపించకపోతే ఒక్క రోజు కూడా ఆగకండి. తిరిగి రావాల్సి వస్తే రండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఉన్నది చిరాకు ఒక్కటే అయితే మాత్రం ఏడాది నిండకముందు టికెట్ కొనకండి.

ఆ పెద్దావిడ మళ్లీ ఏ రోజు రావాలో మీ రిజిస్టర్‌లో రాసే ఉంటారు. పేరు సరిగ్గా రాశారో లేదో ఒకసారి చూడండి.