పదిహేడేళ్ల కుర్రాడు కత్తితో పొడిస్తే పెద్దవాడిలా విచారించరా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. బైక్ పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగి, మా వీధి కుర్రాడే కడుపులో కత్తితో పొడిచాడు. ఆపరేషన్ చేసి బతికించారు. పొడిచినవాడికి పదిహేడేళ్లు నిండాయి. హత్యాయత్నం కేసు పెట్టారు. అయినా కొద్ది రోజులకే బెయిల్ మీద వచ్చి మా ఇంటి ముందే తిరుగుతున్నాడు. నిర్భయ ఘటన తర్వాత చట్టం మారిందని, పదహారు దాటితే పెద్దవాళ్లలాగే శిక్షిస్తున్నారని విన్నాం. ఇతనికి అది వర్తించదా? మేం ఏం చేయాలి?
- ఒక తండ్రి, నిజామాబాద్ జిల్లా

జవాబు: చట్టం మారిన మాట నిజమే. కానీ మీరు చెప్పిన వివరాలను బట్టి ఆ మార్పు మీ కేసుకు వర్తించదు. పోలీసులో, మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డో కావాలని వదిలేశారని అనుకోకండి. చిక్కు చట్టంలోనే ఉంది.

నిర్భయ కేసులో ఒక నిందితుడు మైనర్. అప్పటి 2000 నాటి చట్టం ప్రకారం అతన్ని మూడేళ్లకు మించి ఉంచే వీల్లేదు. 2015 డిసెంబరులో అతను బయటికి రాగానే దేశమంతా గగ్గోలు పుట్టింది, అదే వారంలో రాజ్యసభ కొత్త జువైనల్ జస్టిస్ బిల్లును ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి అది అమల్లో ఉంది. అయితే అందులో వయసును పదహారుకు తగ్గించలేదు. మైనర్ అంటే ఇప్పటికీ పద్దెనిమిది లోపే. పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వయసువాళ్లు ‘హీనమైన’ నేరం చేస్తే మాత్రం జువైనల్ జస్టిస్ బోర్డు ముందుగా ఒక అంచనా వేస్తుంది. ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం తెలిసే చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని చూసి, అవసరమనుకుంటే పెద్దవాడిలా విచారించేందుకు కేసును చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది. జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో 2022లో ఐదుగురు మైనర్లలో నలుగురిని పెద్దవాళ్లుగా విచారించాలని బోర్డు చెప్పింది ఈ చట్టంలోని సెక్షన్ 15 కిందే.

ఇక హీనమైన నేరమంటే ఏది? కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నది. ‘కనీస’ అన్న మాట దగ్గరే మీ కేసు ఆగిపోయింది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 109 కింద హత్యాయత్నంలో గాయమైతే యావజ్జీవం దాకా వేయొచ్చు, కానీ కనీసం ఇంత వేయాలని లేదు. ఇలాంటి నేరాలు ‘తీవ్రమైన’ వర్గంలోకే వస్తాయని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, 2021 సవరణ దాన్నే చట్టంలో రాసింది. కాబట్టి ఈ కుర్రాడి విచారణ బోర్డులోనే జరుగుతుంది. నేరం రుజువైనా మైనర్లను ఉంచే స్పెషల్ హోమ్‌లో గరిష్ఠంగా మూడేళ్లు. మీ అబ్బాయి దక్కకపోయి ఉంటే అదే కత్తిపోటు హత్య అయ్యేది, సెక్షన్ 15 వర్తించేది. డాక్టర్లు బతికించినందుకు నేరం ఒక మెట్టు దిగిపోవడం నాకూ మింగుడుపడదు.

చట్టం మార్చాలంటే మార్చాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. వయసును పదహారుకు దించమనే డిమాండ్‌తో నేను ఏకీభవించను. నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ కూడా 2013లో దానికి ఒప్పుకోలేదు. సెల్‌ఫోన్ దొంగతనం చేసినవాణ్ని కూడా జైల్లో ముదుర్ల మధ్య పడేస్తే ఎవరికి లాభం? ప్రాణాంతకమైన ఆయుధంతో చేసిన హత్యాయత్నం వరకు సెక్షన్ 15 పరిధిలోకి తెస్తే చాలు. అంచనా కూడా మొక్కుబడిగా ఉండకూడదు. గురుగ్రామ్ స్కూల్లో ఏడేళ్ల పిల్లాడి హత్య కేసులో 2022 జూలైలో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: బోర్డులో మనస్తత్వశాస్త్రం తెలిసినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలి.

ఎలాగైనా సెక్షన్ 15 కిందికి తేవాలని ‘ఫోన్ కూడా లాక్కున్నాడని చెప్పండి’ అనే సలహాదారులు మీకు ఈపాటికి తగిలే ఉంటారు. దోపిడీ చేస్తూ చంపబోతే కనీస శిక్ష ఏడేళ్లు కాబట్టి వాళ్ల లెక్క వాళ్లది. నిజంగా లాక్కుని ఉంటే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. లేనిది కలిపారో, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు కేసే నీరుగారిపోతుంది.

అతని వయసు పత్రం కూడా చూడండి. లెక్కలోకి వచ్చేది ఘటన జరిగిన రోజు వయసు. బడి రికార్డు లేదా టెన్త్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. బడిలో వేసేటప్పుడు తోచిన తేదీ రాయించడం మన ఊళ్లలో మామూలే కాబట్టి, గట్టి ఆధారం ఉంటే బోర్డు ముందు అభ్యంతరం చెప్పొచ్చు.

బెయిల్ విషయంలో మైనర్లకు నేర తీవ్రత అడ్డు కాదు. నేరగాళ్ల సావాసంలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో తేలితేనే నిరాకరిస్తారు. ఇంటి ముందు తిరుగుతూ బెదిరిస్తున్నాడా? తేదీ, సమయం, ఎవరు చూశారో రాసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో బోర్డులో పిటిషన్ వేయించండి. అంతేగానీ కోపంలో అతని ఫోటో, పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. బాధితులే ముద్దాయిలైపోతారు.

అతని వెనక పెద్దవాళ్లు ఉన్నారేమో కూడా ఆరా తీయండి. మైనర్ అయితే శిక్ష తక్కువని కుర్రాళ్లను ముందుకు తోసే ‘అన్నలు’ ఉంటారు. పిల్లల్ని నేరానికి వాడుకుంటే న్యాయ సంహిత సెక్షన్ 95 కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్ల జైలు. వాళ్లకు వయసు మినహాయింపులేమీ ఉండవు.

ఆపరేషన్ ఖర్చుల కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో బాధితుల పరిహారానికి దరఖాస్తు చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు జతచేయండి. అక్కడ వకీలును కూడా ఉచితంగా ఇవ్వమని అడగండి.