పైపు ఇంకా అవసరమా అని రోజూ అడగండి

ఆసుపత్రిలో పేషెంట్‌కి కొత్త ఇన్ఫెక్షన్ అంటుకోకుండా ఇంట్లోవాళ్లం ఏం చేయగలం అని కొందరు అడిగారు. నోరు తెరిచి అడగగలం. ఒకసారి నేను అడగలేదు, అందుకే రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా నాన్నగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. మూడో రోజు ఎక్స్‌రేకి తీసుకెళ్తూ వార్డ్ బాయ్, మూత్రం పోవడానికి పెట్టిన పైపు (క్యాథెటర్) చివరనున్న యూరిన్ బ్యాగ్‌ని ఆయన పొట్ట మీద పెట్టేశాడు. లిఫ్ట్ దగ్గర పావుగంట ఆగాం. పైపులో పసుపు నీళ్లు వెనక్కి జారుతుంటే కళ్లారా చూశాను, వాళ్లకి తెలియదా ఏంటి అనుకుని ఊరుకున్నాను. ఐదో రోజు రాత్రి మంచం ఊగిపోయేంత చలి, 103 జ్వరం. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది, మామూలు మందులకి లొంగలేదు. వారంలో ఇంటికి రావాల్సిన మనిషి ఇరవై రోజులు అక్కడే ఉన్నారు. ఆ పావుగంటే కారణమై ఉంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందనే వేలాడాలి, నేలకి మాత్రం తగలకూడదు. పేషెంట్‌ని కదిలించే ముందే ఖాళీ చేయించండి. పైపు ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం, కాబట్టి అది ఇంకా అవసరమా అని రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌ని రోజూ అడగండి. సెలైన్, మందులు ఎక్కించడానికి చేతికి పెట్టిన సన్న గొట్టం (క్యాన్యులా) దగ్గర ఎర్రబడినా, వాచినా, నొప్పి అన్నా వెంటనే సిస్టర్‌కి చెప్పండి.

చేతుల సంగతి మరీ బాధ. 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవపరీక్షల నుంచి నేరుగా కాన్పులు చేయడానికి వచ్చేవాళ్లతో క్లోరిన్ నీళ్లలో చేతులు కడిగించి బాలింతల చావులు బాగా తగ్గించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మంచం పక్కనున్న, చేతులకి రాసుకునే హ్యాండ్‌రబ్ సీసా వాడమని సిబ్బందికి మనం గుర్తు చేయాల్సి వస్తోంది. అర నిమిషం పని! సిస్టర్లని తిట్టను, రాత్రిపూట ఒక్కరే వార్డంతా పరుగులు పెడుతుంటే ఎంతని చూస్తారు? సిబ్బందిని పెంచకుండా లాబీకి పాలరాయి వేసే యాజమాన్యాలని అడగాలి.

మన చుట్టాలూ తక్కువ కాదు. చూడకపోతే ఏమనుకుంటారో అని పదిమంది ఒకేసారి వచ్చి, బస్సు దిగిన బట్టలతో మంచం మీదే కూర్చుంటారు. దగ్గుతూ వచ్చిన మా బాబాయిని గుమ్మంలోనే ఆపాను, ఆయన రెండు నెలలు మాట్లాడలేదు. అయినా సరే, ఆపండి.

పోయిన ఏడాది అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు రెండో రోజు పొద్దున్నే, "సార్, ఈ పైపు ఇంకా కావాలా?" అని అడిగాను. ఆయన ఫైల్ తిరగేసి, "నిన్ననే తీసేయాల్సిందమ్మా" అన్నారు. మధ్యాహ్నానికి అమ్మ నా భుజం పట్టుకుని బాత్రూమ్‌కి నడిచి వెళ్లింది.