గుద్దుకున్నంత మాత్రాన కోహెరెన్స్ పోదు

ప్రశ్న: లోహపు తీగలో ఎలక్ట్రాన్లు మలినాలకు గుద్దుకోవడం వల్లే నిరోధం వస్తుందని చదువుకున్నాం. అన్ని గుద్దుళ్ల మధ్య క్వాంటమ్ కోహెరెన్స్, అంటే ఎలక్ట్రాన్ అల లయ చెదరకుండా ఉండటం, ఎలా మిగులుతుంది సార్? బాగా చల్లబరిస్తే ఎప్పటికీ పోకుండా ఉంటుందా?
– ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని

జవాబు: చాలామంది తికమకపడేది ఇక్కడేనమ్మా. కదలని మలిన పరమాణువుకు తగిలి ఎలక్ట్రాన్ పక్కకు మళ్లినా దాని శక్తి మారదు, ఆ పరమాణువూ ఎప్పటిలాగే ఉంటుంది, కాబట్టి అల ఫేజ్‌లో (ఎత్తుపల్లాల దశలో) వచ్చే మార్పు ప్రతిసారీ ఒకేలా వస్తుంది, వ్యతికరణం (అలలు కలిసి ఒకదాన్నొకటి పెంచుకోవడం, తగ్గించుకోవడం) చెదిరిపోదు. 1985లో అమెరికాలోని ఐబీఎం ల్యాబ్‌లో రిచర్డ్ వెబ్ బృందం దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. మైక్రోమీటరు కూడా లేని బంగారు ఉంగరం, తీగ వెడల్పు 40 నానోమీటర్లు. దాన్ని 1 కెల్విన్ కంటే చల్లగా ఉంచి అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా పెంచుతూ పోతే, దాదాపు ప్రతి 0.008 టెస్లాకి నిరోధం ఒకసారి పెరిగి తగ్గింది. ఉంగరం రెండు వైపుల నుంచీ వెళ్లిన అలలు అవతల కలిస్తేనే అలా జరుగుతుంది. దారిలో ఎన్ని మలినాలు తగిలి ఉంటాయో ఆలోచించండి!

కోహెరెన్స్‌ను నిజంగా పోగొట్టేది, ఎలక్ట్రాన్ ఏ దారిన వెళ్లిందో చుట్టుపక్కల జాడ మిగిల్చేది: పరమాణువుల కంపనాలు, తోటి ఎలక్ట్రాన్లు, స్పిన్ (తమ సూక్ష్మ అయస్కాంత దిశ) తిప్పుకోగల అయస్కాంత మలినాలు. 1998లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్లయితే ఒక దారి పక్కన డిటెక్టరే పెట్టి, అది దారిని పసిగట్టేకొద్దీ వ్యతికరణం పలచబడటం చూపించారు.

ఇక రెండో ప్రశ్న. సన్నని తీగల్లో ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ కోహెరెన్స్ కాలం పెరుగుతూనే పోవాలని అల్ట్‌షులర్, అరొనోవ్, ఖ్మెల్నిట్‌స్కీల సిద్ధాంతం. కానీ 1997లో మొహంతీ, జరీవాలా, వెబ్ కొలిస్తే ఒక స్థాయి దగ్గర ఆగిపోయింది. పరమశూన్యం దగ్గర కూడా మిగిలే క్వాంటమ్ కంపనాలే కారణమని కొందరు, కాదని కొందరు, ఏళ్ల తరబడి గట్టి వాదన నడిచింది. నాకు నమ్మకం కలిగించింది మాత్రం 2003లో పియెర్, బర్జ్ బృందం వెండి తీగలపై చేసిన కొలతలు: 99.9999 శాతం స్వచ్ఛమైన వెండిలో కోహెరెన్స్ కాలం 40 మిల్లీకెల్విన్ దాకా పెరుగుతూనే ఉంది, 99.999 శాతం వెండిలో ఆగిపోయింది. అంటే అయస్కాంత మలినాలు పది లక్షల పరమాణువులకు ఒకటి కంటే తక్కువే ఉన్నా, కోహెరెన్స్ కాలం పెరగకుండా ఆపడానికి ఆ కాస్తే చాలు. అందుకే ప్రాజెక్టులో మీకూ అలా ఆగిపోయిన గ్రాఫ్ కనిపిస్తే, ముందు లోహం స్వచ్ఛత, ఆ తర్వాత కొలిచే కరెంటు వల్ల తీగ వేడెక్కుతోందేమో చూడండి.