గర్భసంచి మూతి పొడవు తగ్గితే మంచం దిగకూడదా?

ప్రశ్న: మా కోడలికి తొలి కాన్పు. ఐదో నెల నడుస్తోంది. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో ఒకే బిడ్డ ఉందని, గర్భసంచి మూతి పొడవు మాత్రం 20 మిల్లీమీటర్లే ఉందని చెప్పి, డాక్టరమ్మ రాత్రిపూట యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మందు రాశారు. ఊళ్లో వాళ్లేమో ఆ మూతికి కుట్టు వేయించాలని, కాన్పు దాకా మంచం దిగనివ్వొద్దని అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక అత్తగారు, దేవరకొండ

జవాబు: అమ్మా, డాక్టరు రాసిన మందే మీ కోడలికి తగిన చికిత్స. 24 వారాలలోపు ఈ మూతి, అంటే సర్విక్స్, 25 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే 37 వారాలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు పెరుగుతుంది. పొట్టపై నుంచి చేసే స్కాన్‌లో మూత్రాశయం నిండుగా ఉంటే ఈ పొడవు ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి, మూత్రానికి వెళ్లివచ్చాక యోని మార్గంలో చేసిన స్కాన్‌తోనే కొలవాలి. దానివల్ల బిడ్డకు ఏ హానీ ఉండదు.

ప్రొజెస్టిరాన్ సాధారణంగా 200 మిల్లీగ్రాములు, రోజూ పడుకునే ముందు, దాదాపు 36 వారాల వరకు వాడతారు. అదే మందును చాలామంది నోట్లో వేసుకుని మింగేస్తుంటారు. ముందస్తు కాన్పు ముప్పును తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది యోనిలో పెట్టుకున్నప్పుడే గనుక, ఈ విషయం కోడలికి విడమరిచి చెప్పండి. పొద్దున లేచేసరికి కొంత తెల్లగా బయటికి రావడం మామూలే. మందంతా పోయిందని భయపడి మానేయకూడదు.

కుట్టు అందరికీ అవసరం పడదు. గతంలో నెలలు నిండకుండా కాన్పయి, ఈసారీ మూతి పొడవు తగ్గినవారికి దానివల్ల మేలు ఎక్కువ. తొలి చూలులో అయితే, తర్వాతి స్కాన్లలో పొడవు 10 మిల్లీమీటర్ల లోపుకు పడిపోయినా, మూతి తెరుచుకున్నా డాక్టర్లు కుట్టు గురించి ఆలోచిస్తారు. అందుకే వాళ్లు చెప్పిన తేదీకి మళ్లీ స్కాన్ చేయించడం ముఖ్యం.

ఇక మంచం సంగతి. కదలకుండా పడుకోబెడితే కాన్పు ఆగుతుందని ఏ పరిశోధనలోనూ రుజువు కాలేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, కండరాలు నీరసిస్తాయి, మనసు కుంగుతుంది. బరువులు ఎత్తడం, పత్తి చేలో రోజంతా కూలి పని మాన్పించండి. ఇంట్లో తిరగడం, వంట, కాస్త నడక ఉండనివ్వండి.

పొత్తికడుపు విడతలు విడతలుగా బిగుసుకోవడం, ఆగని నడుము నొప్పి, కింద బరువుగా అనిపించడం, రక్తం లేదా ఉమ్మనీరు పోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. దేవరకొండ నుంచి నల్లగొండకే గంటకు పైగా ప్రయాణం కాబట్టి, నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఉన్న ఏ ఆసుపత్రికి వెళ్లాలో డాక్టరును ఇప్పుడే అడిగి, స్కాన్ రిపోర్టులన్నీ ఒకే సంచిలో సిద్ధంగా ఉంచుకోండి.