డబ్బు ఇచ్చినంత మాత్రాన రాత మీదవదు

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక. పోర్టులో పనిచేసి రిటైరైన నాన్నగారి జీవితకథ రాసిపెట్టమని రాజమండ్రి రచయిత ఒకరితో 90 వేలకు మాట్లాడుకున్నాం. 60 వేలు యూపీఐలో ఇచ్చాం. రాత పూర్తయి ఫైలు వచ్చాక నాన్నగారు పోయారు. కవరు మీద తన పేరు లేనిదే ఒప్పుకోనని 2025 మార్చిలో ఆ రచయిత మెసేజ్ పెట్టాడు. సంవత్సరీకానికి పుస్తకం పంచాలని అమ్మ కోరిక. మా పేరుతో అచ్చు వేయించవచ్చా?

జవాబు: వేయించొద్దు. ఇంత రాశారు గానీ ఆ రచయిత సంతకం చేసిన కాగితం ఉందో లేదో రాయలేదు. కేసు తేలేది దాని మీదే.

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. జీతం మీద ఉన్న ఉద్యోగి రాస్తే హక్కు యజమానిది. బయటివాళ్లకు పని అప్పగిస్తే అలా రాదు. 19వ సెక్షన్ ప్రకారం అతని సంతకంతో బదిలీ పత్రం ఉండాలి. “పుస్తకం మీదే సార్” అన్న వాట్సాప్ మెసేజ్ ఉన్నా అది ఒప్పందానికి సాక్ష్యమే తప్ప, బదిలీ పత్రమని నమ్ముకోవద్దు. 90 వేల పనికి ఒక్క పేజీ రాయించుకోకపోయి ఉంటే అది పూర్తిగా మీ అజాగ్రత్తే.

అతను వద్దన్నాక అచ్చు వేస్తే తెలిసి చేసిన ఉల్లంఘన అంటారు. 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు; ఇది నాన్‌బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉచితంగా పంచామన్నంత మాత్రాన బయటపడరు. పైగా 62వ సెక్షన్ కింద అతను తన ఊరి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు.

మీ చేతిలో ఉన్న పట్టు ఆ బాకీ 30 వేలు. సంతకం పెట్టిన రోజే ఇస్తామని లాయరు నోటీసు పంపండి. పత్రంలో ముద్రణ, ఈ-బుక్, ఆడియో, అనువాదం విడివిడిగా రాయించండి. గడువు రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఏడాదిలోగా వాడకపోయినా హక్కు పోదన్న వాక్యం తప్పనిసరి. రచయితగా గుర్తింపు కోరే హక్కు 57వ సెక్షన్ కింద బదిలీ తర్వాతా మిగులుతుంది కాబట్టి, లోపలి పేజీలో ‘అక్షరీకరణ’ అని అతని పేరు వేయడానికి ఒప్పుకోండి. రాసింది అతనే కదా.

ఆ చాటింగ్ ఉన్న ఫోను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా స్క్రీన్‌షాట్లు నిలవవు. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీసిపెట్టండి. డబ్బు వెనక్కి అడగాలంటే విశాఖ వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు, సివిల్ కోర్టులో మూడేళ్లు గడువు. 2025 మార్చి నుంచే లెక్క వేసుకోండి.

అతను అసలు దిగిరాకపోతే, నాన్నగారి నోటు పుస్తకాలు, ఆయన తానే చేసుకున్న గొంతు రికార్డింగులు వారసులుగా మీవే. వాటితో వేరొకరి చేత కొత్తగా రాయించండి. పాత ఫైలు మాత్రం వాళ్లకు చూపించొద్దు, సంతకం అయ్యాకే అడ్వాన్సు ఇవ్వండి.